‘కందుకూర్బెజవాడ గావించె’: ఈ ఒక్క పాదం నుంచి మా ఊరి చరిత్ర ఎంతవరకు చెప్పవచ్చు?

ప్రశ్న: కందుకూరు తెలుగు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కందుకూరులో తెలుగు పాఠాలు చెప్పి విరమణ పొందినవాణ్ణి. మా పూర్వ విద్యార్థుల సంఘంవారు ఒక ప్రత్యేక సంచిక తెస్తూ, అందులో ఊరి ప్రాచీన చరిత్ర మీద నాలుగు పుటల వ్యాసం రాసే పనిని నాకు అప్పగించారు. తూర్పు చాళుక్యుల సేనాని పండరంగని విజయాలు చెప్పే అద్దంకి శాసనంలోని పద్యం చివర వచ్చే ‘కందుకూర్బెజవాడ గావించె మెచ్చి’ అన్న మాటలు మా ఊళ్లో కాస్త చదువుకున్నవారందరికీ కంఠస్థమే. వాటిని ఆధారం చేసుకుని, ‘క్రీ.శ. 848లో పండరంగడు కందుకూరును రాజధానిగా చేసి బెజవాడంతటి మహానగరంగా తీర్చిదిద్దాడు’ అనే వాక్యాన్ని అట్ట మీదనే వేయాలని సంఘంవారు ముచ్చటపడుతున్నారు.

ఆ పద్యాన్ని ఏళ్ల తరబడి తరగతిలో చెప్పిన నాకు, తీరా నా పేరుతో అచ్చులో రాయవలసి వచ్చేసరికి చేయి ఆడలేదు. పద్యంలో రాజధాని అనే మాట లేదు. 848 అనే అంకె రాతి మీద ఉన్నదో, తరువాతివారు లెక్కకట్టినదో నాకు స్పష్టంగా తెలియదు. దీనికి తోడు, స్కందపురి అన్న పేరే కందుకూరుగా మారిందనే స్థలపురాణాన్ని కూడా చరిత్ర కిందే వేయాలని ఒకరు పట్టుబడుతున్నారు.

నేను అడగదలచినది ఇది. ఇటువంటి ఒక్క పాదాన్ని పట్టుకుని శాసన పరిశోధకులు ఎంతవరకు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు? ఆనాడు ఇక్కడ రాజు, సేనాని కాక మామూలు మనుషులు కూడా ఉండి ఉంటారు కదా, వారి గురించి చెప్పగలిగిన ఆధారం మన రెండు జిల్లాల్లో ఏమైనా ఉందా? తెలిసినవారు ఓపికగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: మన్నేరు గట్టు

మాస్టారూ, ముందు ఆ పాదాన్నే చూద్దాం, ఎందుకంటే మీ సంఘంవారి వాక్యం మొత్తం దాని మీదనే నిలబడి ఉంది.

ఛందస్సు తరువోజ అని మీకు చెప్పనక్కరలేదు గానీ, ఇక్కడ చదివే పిల్లల కోసం రాస్తున్నాను. రెండు ద్విపద పాదాలను పక్కపక్కన పేర్చినట్టుండే తరువోజ పాదంలో మూడు, అయిదు, ఏడు గణాల మొదటి అక్షరాలు పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. నాలుగో పాదం ‘కట్టెపు దుర్గంబు గడు బయల్సేసి కందుకూర్బెజవాడ గావించె మెచ్చి’ కనుక ‘కట్టెపు’కు ‘గడు’, ‘కందుకూర్’, ‘గావించె’ సరిగ్గా ఆ మూడు చోట్లా యతిగా కుదిరాయి. రాయి అరిగిపోయి చదువరి ఊహించవలసి వచ్చినప్పుడు ఈ యతిప్రాసలే అతని ఊహకు కళ్లెం వేస్తాయి. గద్య శాసనంలో ఆ సౌకర్యం లేదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. యతి కోసం మాటలు ఏరుకునే చోట కవి ఉంటాడు, గుమాస్తా ఉండడు. ఇది విజయాన్ని పొగడే పద్యం, సర్వే లెక్క కాదు.

ఇక ‘బెజవాడ గావించె’ అన్న చోట వ్యాకరణం మనకు కొంత సాయం చేస్తుంది. ‘కావించు’ అనేది ‘అగు’ ధాతువుకు ప్రేరణ రూపం. అందువల్ల ‘బెజవాడగా’ అని విడిగా చెప్పకపోయినా, కందుకూరు బెజవాడ అయ్యేటట్లు చేశాడు అనే అర్థం సహజంగానే వస్తుంది. దానికి ముందున్న సగపాదాన్ని కలిపి చదవండి: కట్టెం దుర్గాన్ని పూర్తిగా బయలు చేశాడు, కందుకూరును బెజవాడ చేశాడు. ఒక చోటును నేలమట్టం చేసి మరొక చోటును నిలబెట్టాడన్న ఎదురుబొదురు పోలిక అందులో ఉంది. ‘బయలు’కు ఎదురుగా నిలిపిన మాట కనుక ‘బెజవాడ’ అంటే జనంతో, బలంతో, ప్రతిష్ఠతో ఉన్న స్థలమని నేను అర్థం చేసుకుంటాను. ఇక్కడి నుంచి రాజధానికి దూకడానికి పద్యంలో మెట్టు లేదు. తూర్పు చాళుక్యుల గద్దె వేంగిది. సేనాని తాను గెలిచిన సీమలో ఒక స్థావరాన్ని ఏర్పరచుకోవడం వేరు, రాజ్యానికి రాజధానిని మార్చడం వేరు.

అసలు ఆనాటికి బెజవాడ అనగానే వినేవారికి ఏమి స్ఫురించేది? సుమారు 930 ప్రాంతపు యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో, చేబ్రోలు నుంచి జాతరకు వచ్చిన కుమారస్వామి అక్కడే నిలిచిపోయాడన్న కథ మధ్యాక్కర పద్యాల్లో ఉంది. అంటే ఎనభై ఏళ్ల తరువాత బెజవాడకున్న పేరు కోటకన్న గుడికీ, జాతరకూ సంబంధించినది. పండరంగని నాడు ఆ పేరుకు కోట బలమే ప్రధానమో, దైవక్షేత్రమన్న ఖ్యాతి కూడా కలిసి ఉండేదో ఒక్క పాదం తేల్చదు. మీరు వ్యాసంలో ఈ రెండు అవకాశాలనూ చెప్పి వదిలేస్తే చాలు.

848 అంకె రాతి మీద లేదు. అక్కడ ఉన్నది ‘పట్టంబు గట్టిన ప్రథమంబు నేణ్డు’ మాత్రమే. పట్టం కట్టుకున్న మొదటి ఏడు అని అర్థం. ఎవరికి పట్టం అన్నదీ పద్యం పేరుపెట్టి చెప్పదు, ‘త్రిభువనాంకుశ’ అన్న బిరుదు మాత్రం వస్తుంది. అది తూర్పు చాళుక్యుల రాగిరేకుల ముద్ర మీద కనిపించే మాట కనుక వంశం తెలుస్తుంది. పండరంగడు గుణగ విజయాదిత్యుని సేనాని అన్న సంగతిని ఆ వంశపు తామ్రశాసనాలు బలపరుస్తాయి. వాటిలో ఒకటి మీకు దగ్గరిదే: రెండో అమ్మరాజు ఇచ్చిన మలియపూండి శాసనంలో, పండరంగని వంశంలో పుట్టిన దుర్గరాజు కట్టించిన జైనాలయానికి దానం చేసిన సంగతి ఉంది. ఆ దానం కూడా ఒంగోలు వైపు కమ్మనాడు అనే ఆనాటి సీమలోనిదే.

సంవత్సరం తేలిన దారి మరింత ముచ్చటగా ఉంటుంది. తూర్పు చాళుక్యుల రాగిరేకులు తమ పూర్వ రాజులు ఒక్కొక్కరు ఎన్నేళ్లు ఏలారో వరుసగా చెబుతాయి. గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు పాలించాడని వాటి లెక్క. అతని తరువాతివాడైన చాళుక్య భీముని పట్టాభిషేకం శక సంవత్సరం 814లో జరిగినట్టు అత్తిలి రాగిరేకులు చెబుతున్నాయి. శక సంవత్సరానికి 78 కలిపితే 892. అందులోంచి 44 తీసివేస్తే 848. నెలల తేడా వల్ల కొందరు 849 అంటారు. కాబట్టి మీరు ‘848 ప్రాంతం’ అని రాయండి. అంకె గట్టిదే గానీ, అది ఒక కూడిక, ఒక తీసివేత చేసి పట్టుకున్న అంకె అని పిల్లలకు తెలిస్తే మంచిది.

స్కందపురి విషయం ఒక్క మాటలో ముగిస్తాను. తొమ్మిదో శతాబ్దపు రాయి మీదనే పేరు కందుకూర్ అని ఉంది, చివర ‘ఊర్’ ఉంది. స్కందపురి కథను ఊరివారి నమ్మకంగా వేరే పేరాలో వేయండి.

జవాబు: సింహపురి చదువరి

పై జవాబులో పాదం గురించి చెప్పినదంతా అంగీకారమే. నాది నెల్లూరు, మాస్టారు అడిగిన రెండో భాగం, అంటే మామూలు మనుషుల సంగతి, నాకు ఎక్కువ ఇష్టమైన విషయం కనుక దాని గురించి రాస్తాను.

ముందుగా అదే పద్యంలోని ‘బోయకొట్టముల్ పండ్రెణ్డు’ అన్న మాట. పన్నెండు బోయ కొట్టాలను, అంటే స్థావరాలను, పండరంగడు పట్టుకున్నాడు. ఓడినవారు చెక్కించిన రాయి మనకు లేదు, వారి పేరు కూడా గెలిచినవాని పద్యంలో నుంచే మనకు చేరింది. ఈ మాటను చూడగానే నేటి ఒక కులానికి నేరుగా ముడిపెట్టి రాసేవారు చాలామంది ఉన్నారు. తూర్పు చాళుక్యుల కొన్ని రాగిరేకుల్లో దానం పుచ్చుకున్న బ్రాహ్మణుల పేర్ల చివర కూడా ‘బోయ’ కనిపిస్తుంది. ఒక మాట వెయ్యేళ్లపాటు ఒకే మనుషులకు అంటిపెట్టుకుని ఉండదు. అందుచేత ‘బోయ కొట్టాలు’ అని శాసనం అన్నట్టుగానే ఉంచి, దానికి మన నాటి అర్థం తొడగకుండా ఉండడం మంచిది.

రాజులు తమ గొప్ప కోసం చెప్పిన మాట కన్న, తమ పని కోసం యథాలాపంగా చెప్పిన మాటలో సమాజం ఎక్కువగా కనబడుతుందని నా అభిప్రాయం. దీనికి మన జిల్లాలో దొరికిన విళవట్టి శాసనం చక్కని ఉదాహరణ. పల్లవ రాజు సింహవర్మ సంస్కృతంలో ఇచ్చిన ఈ రాగిరేకులు వవ్వేరులో దొరికాయి, క్రీ.శ. 5వ శతాబ్ది నాటివని భావిస్తారు. విళవట్టి గ్రామాన్ని దానమిస్తూ, అక్కడ రాజుకు రావలసిన పన్నులను కూడా ఇచ్చేస్తున్నాడు. ఏయే పన్నులో పేర్కొనకపోతే రేపు అధికారి వచ్చి అడుగుతాడు కనుక జాబితా రాయించాడు. లోహపు పనివారు, తోలు పనివారు, బట్టల అంగళ్లవారు, నేతగాళ్లు, మంగళ్లు, తాళ్ల మీద ఆడేవారు, ఆజీవకులు ఆ జాబితాలో వరుసగా వస్తారు. రాజుకు వీరి మీద ప్రేమ ఏమీ లేదు, కావలసింది పన్ను. అయినా ఆ అవసరం పుణ్యమా అని పెన్నా సీమలో ఆనాడు తాళ్లాటగాళ్లు ఉండేవారనీ, బుద్ధుని కాలంలో పుట్టిన ఆజీవక మతంవారు సుమారు వెయ్యేళ్ల తరువాత కూడా పన్ను కట్టేటంత మంది ఇక్కడ మిగిలి ఉన్నారనీ మనకు తెలుస్తోంది. నా వరకు, పది విజయ ప్రశస్తుల కన్న ఈ ఒక్క పన్నుల పట్టీ ఎక్కువ విలువైనది.

మోటుపల్లి అభయశాసనం కూడా ఇదే తీరు. శక 1166 క్రోధి, అంటే 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట అది. గాలివానకు కొట్టుకువచ్చి ఒడ్డున పగిలిన ఓడలలోని సరుకునంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ చెప్పించాడు. కర్పూరం, చందనం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, పోకలు, రాగి, సీసం ఇలా సరుకుల పేర్లు, వాటి మీద సుంకాలు అందులో ఉన్నాయి. గణపతిదేవుని ధర్మబుద్ధిని పొగిడి ఊరుకునేవారు పొగడవచ్చు. నాకు మాత్రం అందులో కనబడేది అంతకుముందు తీరంలో జరిగిన దోపిడి. ఫలానా పని చేయబోమని రాజు రాతి మీద చెక్కించాడంటే, అంతవరకు ఆ పని జరుగుతూ ఉండేదని అర్థం.

వీటన్నిటికీ భిన్నమైన రాయి మల్లాంలో ఉంది. పల్లవ కంపవర్మ ఇరవయ్యో ఏట, అంటే 9వ శతాబ్ది చివర వేయించిన ఆ తమిళ శాసనంలో, ఒక మనిషి తన శరీరంలో తొమ్మిది చోట్ల మాంసం కోసి, చివరకు తల కూడా కోసుకుని భటారికి, అంటే దుర్గకు, సమర్పించుకున్నట్టు ఉంది. చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకు అర్పించుకున్నాడన్నది రాయి చెప్పదు, మనం కథ అల్లకూడదు. ఇంకొక సంగతి గమనించండి: అద్దంకి తెలుగు పద్యానికీ, మల్లాం తమిళ శాసనానికీ మధ్య కాలం అర్ధశతాబ్దికి అటూ ఇటూ మాత్రమే. నెల్లూరు దక్షిణ భాగంలో ప్రాచీన తమిళ శాసనాలు ఎన్నో ఉన్నాయి. నేటి రాష్ట్ర సరిహద్దును ఆనాటి నేల మీద గీసి చూస్తే ఈ రాళ్లు మనకు అర్థం కావు.

జవాబు: గుండ్లకమ్మ నీరు

పెద్దలు కోప్పడకూడదు. ఇక్కడ ప్రతి వాక్యానికీ ‘ఇది చెప్పకూడదు, అక్కడ ఆగాలి’ అనే మాటే వినబడుతోంది. కోస్తాలో ఇతర ఊళ్లవారు రాముడు నడిచిన నేల అనీ, అగస్త్యుడు ప్రతిష్ఠించిన గుడి అనీ బోర్డులు పెట్టుకుంటుంటే, చేతిలో నిజమైన శాసనం ఉన్న కందుకూరువారు మాత్రం భయపడి రాయాలా? ఒక ఊరి పేరు వెయ్యేళ్లకు పైగా మారకుండా ఉందన్నదే గర్వించవలసిన విషయం కదా? అదీగాక అన్నిటికీ శాసనాలే ఆధారమైతే, శాసనం దొరకని ఊళ్లకు చరిత్ర లేనట్టేనా? మా వైపు చందవరంలో అంత పెద్ద స్తూపం బయటపడింది. దాన్ని ఏ రాజు కట్టించాడో పేరు చెప్పమంటే ఎవరూ గట్టిగా చెప్పరు.

జవాబు: సింహపురి చదువరి

కోపం దేనికండీ, మీ చివరి ప్రశ్న చాలా మంచిది. చందవరమే దానికి జవాబు. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద ఉన్న ఆ స్తూపాన్ని 1970లలో తవ్వారు. ఇటుక కట్టడం, చెక్కిన సున్నపురాతి పలకలు, చుట్టూ భక్తులు మొక్కుగా కట్టుకున్న చిన్న చిన్న స్తూపాలు బయటపడ్డాయి. రాజు పేరు లేకపోయినా శాతవాహనుల నాటి ఒక పెద్ద బౌద్ధ స్థలంగా దాన్ని నిలబెట్టినవి ఇటుక, శిల్పం, మట్టి పొరలు. చిన్న స్తూపాలు కట్టుకున్న వందలాది సామాన్యుల శ్రద్ధ అక్కడ కంటికి కనబడుతోంది. దానికి రాజు పేరు దేనికి?

అయితే నేలలో దొరికే వస్తువు శాసనం కన్న తేలిగ్గా పాడైపోతుంది. దొరికిన వస్తువు ఎంత ముఖ్యమో, అది ఏ పొరలో ఏ వస్తువుల పక్కన ఉన్నదన్నది కూడా అంతే ముఖ్యం. 18వ శతాబ్ది చివర నెల్లూరు దగ్గర ఒక రైతు కొండ వాలున దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి అడుగున ఒక కుండ, కుండనిండా రోమను బంగారు నాణేలు. పాపం ఆయన వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు, చాలావరకు కరిగిపోయాయి. మిగిలిన ముప్పై చిల్లర నాణేల సంగతి అప్పటి మద్రాసు గవర్నరు రాసిన ఉత్తరం ద్వారా, 1790లో అచ్చయిన ఏషియాటిక్ రిసెర్చెస్ పత్రిక రెండో సంపుటంలోకి ఎక్కింది. ట్రాజన్, హాడ్రియన్, ఫాస్టినాల నాణేలు. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు తాజాగా ఉన్నాయట, కొన్నిటికి చిల్లులు ఉన్నాయట. చిల్లు ఉందంటే ఎవరో మెడలో వేసుకుని ఉంటారు. మన సీమలో ఒక స్త్రీయో, ఒక పిల్లవాడో రోమను చక్రవర్తి బొమ్మను కాసులపేరులా ధరించిన దృశ్యం ఆ చిల్లులో ఉంది. కానీ ఆ కుండ ఎప్పుడు పూడ్చినది, గుడి దానికి ముందుదా తరువాతదా, పక్కన ఏ మట్టిపాత్రలు ఉన్నాయి అన్నవి కరిగిన బంగారంతో పాటే పోయాయి.

జవాబు: రాతి అచ్చు

నేను కొంతకాలం శాసనాల నకళ్లు తీసేవారి వెంట తిరిగినవాణ్ణి. వాదం పెద్దలు చూసుకుంటారు, నేను పనికి వచ్చే నాలుగు మాటలు చెబుతాను.

మాస్టారూ, పండరంగని పాదం ఒక్కదాని చుట్టూనే ఎందుకు తిరుగుతున్నారు? బటర్వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి కూర్చిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు 1905లో మద్రాసులో అచ్చయ్యాయి. అవి తాలూకాల వారీగా ఉన్నాయి, అందులో కందుకూరు తాలూకాకు ప్రత్యేకంగా భాగం ఉంది. ఒంగోలు, దర్శి, పొదిలి, కనిగిరి కూడా అందులోనే దొరుకుతాయి, ఎందుకంటే ఆ పాఠాలు సేకరించిన నాటికి అవన్నీ నెల్లూరు జిల్లా కింద లెక్క. జిల్లా పేరు పట్టుకుని వెతికేవారు ఇక్కడే తికమకపడతారు. కందుకూరు 1970 దాకా నెల్లూరులో ఉంది, ఆ తరువాత ప్రకాశంలో ఉంది, 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చింది. అద్దంకి ఆనాటి ఒంగోలు తాలూకాలోది, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. రాయి కదలకపోయినా దాని చిరునామా ఇన్నిసార్లు మారింది.

ఆ సంపుటాలను గుడ్డిగా నమ్మవద్దు. చాలా పాఠాలు కంటితో చూసి రాసుకున్న నకళ్ల మీద ఆధారపడినవి, పాత లిపిని సరిగా పోల్చుకోలేని చోట్లు ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దపు తెలుగులో ‘ఴ’ అనే అక్షరం ఉండేది, ‘నేణ్డు’, ‘పండ్రెణ్డు’ వంటి చోట ‘ణ’ను స్పష్టంగా రాసేవారు, తరువాతి అలవాటుతో చదివినవారు వాటిని మరొకటిగా రాసేస్తారు. వీలైనంత వరకు దక్షిణ భారత శాసన సంపుటాల్లో గానీ, ఎపిగ్రాఫియా ఇండికాలో గానీ తిరిగి ప్రకటించిన పాఠంతో పోల్చుకోండి.

మూడోది, మీ శిష్యులను రాళ్ల దగ్గరకు తీసుకువెళ్లండి, కానీ చేతులు కట్టుకుని నిలబడమనండి. అక్షరాలు కనబడడం కోసం సుద్దముక్కతో దిద్దడం, పసుపు పూయడం, ఎనామిల్ రంగు వేయడం మన వైపు గుళ్లలో విస్తారంగా ఉంది. దిద్దేవాడు తనకు తోచిన అక్షరాన్నే దిద్దుతాడు. ఆ తరువాత వచ్చేవారు రాతిని కాక అతని ఊహను చదువుతారు. నిపుణులు నకలు తీసేటప్పుడు రాతిని నీళ్లతో, బ్రష్షుతో కడిగి, తడి కాగితాన్ని పరచి, అక్షరాల గుంతల్లోకి దిగేటట్టు బ్రష్షుతో కొట్టి, తడి ఆరీ ఆరకముందే సిరా అద్దుతారు. గుంతలు తెల్లగా, తక్కిన నేల నల్లగా వస్తుంది. అది మనం చేయవలసిన పని కాదు. మనం చేయగలిగినది ఒకటుంది: పొద్దుగూకిన తరువాత రాతికి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టుగా టార్చి వెలుగు వేసి ఫోటో తీయడం. నడిమధ్యాహ్నం ఏమీ కనబడని రాతి మీద, ఆ ఏటవాలు వెలుగులో వరుసలకు వరుసలు లేచి నిలబడతాయి.

ఒక బాధ కూడా చెప్పుకోనివ్వండి. మా మేనమామగారి ఊళ్లో, ఆ ఊరి పేరు ఇక్కడ వద్దు, గుడి ముందు నిలువెత్తు శాసనపు రాయి ఒకటి ఉండేది. జీర్ణోద్ధరణలో నేలంతా నున్నటి నల్ల గ్రానైటు పరిచారు. మరుసటి ఏడు వెళ్లి చూస్తే రాయి లేదు. అడిగితే, ఎత్తు సరిపెట్టడానికి మెట్టు కింద వేశామని చెప్పారు. రాతగల వైపు పైకి ఉందా కిందికి ఉందా అంటే ఎవరికీ జ్ఞాపకం లేదు. నా దగ్గర అంతకు ముందు తీసిన ఫోటో ఒకటి ఉంది, మధ్యాహ్నపు ఎండలో తీసినది, ఏమీ చదవరాదు.

ప్రశ్న అడిగినవారు: కందుకూరు తెలుగు మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గుండ్లకమ్మ నీరు గారి ఆవేదన మా సంఘంవారిది కూడా కనుక దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. నిన్న సమావేశంలో ఈ జవాబులను చదివి వినిపించాను. గుణగ విజయాదిత్యుని 44 ఏళ్లూ, చాళుక్య భీముని పట్టాభిషేకమూ కలిపి 848ని బల్ల మీద సుద్దతో లెక్కకట్టి చూపించేసరికి, రాజధాని కావాలని పట్టుబట్టిన పెద్దమనిషే ‘ఈ లెక్కను అట్ట మీద వేయండి’ అన్నాడు. అట్ట మీద కాదు గానీ, లోపల ఒక పుటగా వేస్తున్నాం. స్కందపురి కథ వేరే పేరాలో, ‘ఊరివారు చెప్పుకునేది’ అన్న శీర్షికతో వస్తుంది.

ప్రధాన వాక్యాన్ని ఇలా మార్చాను. లోపముంటే దిద్దగలరు: ‘క్రీ.శ. 848 ప్రాంతంలో, గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు ఈ ప్రాంతంలోని పన్నెండు బోయ కొట్టాలను జయించి, కట్టెం దుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడ వలె ప్రతిష్ఠ గల స్థలంగా చేశాడని అద్దంకి శాసనంలోని తెలుగు పద్యం కొనియాడుతోంది.’

జవాబు: మన్నేరు గట్టు

‘కొనియాడుతోంది’ అన్న క్రియ చాలా బాగుంది మాస్టారూ, దాన్ని ఎవరు చెప్పినా మార్చవద్దు. ‘ఈ ప్రాంతంలోని’ అన్న మాట మాత్రం తీసివేయండి. పన్నెండు కొట్టాలూ కందుకూరు చుట్టుపక్కలే ఉన్నాయని పద్యం చెప్పలేదు. ‘బెజవాడ వలె ప్రతిష్ఠ గల స్థలంగా’ అన్నది మీ వివరణ, నా వివరణ కూడాను. దాని బదులు మూలంలోని పాదాన్నే యథాతథంగా వేసి, వివరణను కింద మీ పేరుతో ఇవ్వండి. రేపు ఎవరైనా ఇంతకన్న మంచి అర్థం చెబితే మీ వివరణ మారుతుంది, పాదం మారదు.

శాసనంలో పద్యం తరువాత గద్యం కూడా ఉంది, ఆదిత్యభటారకునికి చేసిన భూదానం గురించి. అందరూ పద్యం దగ్గరే ఆగిపోతారు. మీకు నాలుగు పుటలు ఉన్నాయంటున్నారు కనుక ఆ గద్యానికి ఒక పేరా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు: కందుకూరు తెలుగు మాస్టారు

దిద్దాను. గద్యభాగాన్ని చేర్చడానికి చోటు కోసం సంఘ అధ్యక్షుల సందేశాన్ని సగానికి కుదించవలసి వచ్చింది, ఆయన ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం సాయంత్రం పదిమంది పిల్లలతో, రెండు టార్చిలైట్లతో ఊళ్లోని పాత గుళ్లకు వెళ్తున్నాం. అచ్చు సంపుటంలోని కందుకూరు శాసనాల పట్టీని చేతిలో పెట్టుకుని, వాటిలో ఏయే రాళ్లు ఇప్పటికీ ఉన్నాయో చూసి, ఫోటోలు ఇక్కడే పెడతాను.